నింగితో పది నిమిషాలు

పాఠ్యాంశ పరిచయం

మాట్లాడడం అందరికీ వచ్చు. ఉన్న కొద్ది సమయంలో అవసరమైన మాటను ఎదుటివారికి స్పష్టంగా అందేలా చెప్పడం మాత్రం నేర్చుకోవలసిన విద్య. అంతరిక్షంలో తిరిగే వ్యోమగాములతో బడిపిల్లలు రేడియోలో మాట్లాడే తీరునూ, దాని వెనుక ఉన్న శాస్త్రాన్నీ, శ్రమనూ ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠం

హొగేనక్కల్ జలపాతం దగ్గర ఒకరి మాట మరొకరికి వినిపించాలంటే గొంతెత్తి అరవాలి. ధర్మపురి జిల్లాలో కావేరి నది నల్లని బండల మధ్య పాయలు పాయలుగా చీలి లోయలోకి దూకుతుంది. నీటి తుంపర పొగలా పైకి లేస్తుంది. కన్నడంలో ‘హొగె’ అంటే పొగ, ‘కల్లు’ అంటే రాయి. పొగలు చిమ్మే రాయి అన్న ఆ మాటే ఊరి పేరైంది. తమిళంలో పరిసల్ అనీ, తెలుగులో పుట్టి అనీ పిలిచే గుండ్రని పడవలు ఆ నీటిలో తిరుగుతుంటాయి. పుట్టి నడిపేవాడు జలపాతానికి దగ్గరగా ఉన్నప్పుడు ఒడ్డున ఉన్నవారిని కేకవేసి పిలిచినా, ఆ కేక నీటి హోరులో కలిసిపోతుంది.

అదే ఊరిని దాటుకుంటూ రోజుకు కొన్నిసార్లు మనుషులు నివసించే ఇల్లొకటి ఆకాశంలో సాగిపోతుంది. అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. 2000 నవంబరు 2 నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. భూమికి దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు సుమారు 7.6 కిలోమీటర్ల వేగంతో అది తిరుగుతుంది. ధర్మపురి నుంచి హొగేనక్కల్‌కు బస్సులో గంటకు పైగా పట్టే దూరాన్ని అది ఏడు సెకన్లలో దాటుతుంది. సుమారు 93 నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. అది నడినెత్తిన ఉన్నప్పుడు, హొగేనక్కల్‌కు చెన్నై ఎంత దూరమో దానికంటె కొంచెమే ఎక్కువ దూరంలో ఉంటుంది.

నది ఒడ్డుకే అందని కేక అంత ఎత్తుకు ఎలా అందుతుంది? మనిషి గొంతు గాలిని కదిలిస్తుంది. ఆ కదలికే ధ్వని. గాలి లేని చోట ధ్వని లేదు. రేడియో తరంగానికి గాలితో పని లేదు. అది కాంతివలె సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. గొంతులోని ధ్వనిని మైకు విద్యుత్తుగా మారుస్తుంది. ప్రసారిణి దానిని రేడియో తరంగంపై ఎక్కించి పంపుతుంది. అవతల గ్రాహకం దానిని మళ్ళీ ధ్వనిగా మారుస్తుంది. ఈ ప్రయాణమంతా రెప్పపాటుకంటె తక్కువ కాలంలో జరిగిపోతుంది.

రేడియో సాధనాలను డబ్బు కోసం కాక, ఆసక్తి కోసం, అధ్యయనం కోసం, సేవ కోసం వాడేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారి విద్యను ఔత్సాహిక రేడియో అంటారు. వాడుకలో దాని పేరు హామ్ రేడియో. వారి కోసం ప్రభుత్వాలు కొన్ని పౌనఃపున్యాలను కేటాయించాయి. ఈ విద్యకు నియమాలున్నాయి. వ్యాపారపు మాటలు మాట్లాడకూడదు. రహస్య సంకేతాలు పంపకూడదు. ఇతరుల సంభాషణకు అడ్డు తగలకూడదు. మన దేశంలో 12 సంవత్సరాలు నిండినవారు పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందవచ్చు. లైసెన్సు పొందిన ప్రతివారికీ అక్షరాలు, అంకె కలిసిన ఒక పిలుపు గుర్తు లభిస్తుంది. భారతీయుల గుర్తులు సాధారణంగా ‘వి.యు.’ అన్న అక్షరాలతో మొదలవుతాయి. ఒకరి గుర్తు మరొకరికి ఉండదు. ఊరిపేరు, ఇంటిపేరు తెలియకపోయినా ఆ గుర్తుతోనే ప్రపంచంలో ఎక్కడున్నా వారిని పోల్చుకోవచ్చు.

ఈ విద్యను తెలుగునాట వ్యాప్తి చేయడానికి 1983లో హైదరాబాదులో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థకు చెందిన భారతి ప్రసాద్ అనే హామ్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ దీవులలోని పోర్ట్ బ్లెయిర్‌కు వెళ్ళింది. ఏళ్ళ తరబడి హామ్ రేడియో వినిపించని ఆ దీవుల నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడడం వారి ఉద్దేశం. ఆ నెల 26వ తేదీన సునామీ వచ్చింది. దీవుల మధ్య టెలిఫోను సంబంధాలు తెగిపోయాయి. సరదాగా మొదలైన ఆ రేడియో కేంద్రం ఆ క్షణం నుంచి ఆపద కేంద్రంగా మారింది. ఎవరు క్షేమంగా ఉన్నారో, ఎక్కడ ఏ సహాయం కావాలో ప్రధాన భూభాగానికి తెలిపే పనిని ఆ బృందం చేపట్టింది. అటువంటి వేళ ఒక్క అనవసరపు మాట మరొకరి క్షేమవార్తను ఆలస్యం చేస్తుంది. పేరు, ఊరు, విషయం — ఇంతే చెప్పాలి. విన్నది తిరిగి చదివి సరిచూసుకోవాలి. హామ్‌లు రోజూ చేసే సాధన ఆ రోజున ప్రాణావసరమైంది.

హామ్‌ల చూపు మొదటినుంచీ ఆకాశం వైపు కూడా ఉంది. అమెరికాలోని హామ్‌లు తమ చేతులతో తయారుచేసిన ఆస్కార్-1 అనే చిన్న ఉపగ్రహం 1961 డిసెంబరు 12న అంతరిక్షంలోకి వెళ్ళింది. మోర్సు సంకేతాలలో ఒక చిన్న పలకరింపును మాత్రమే అది పదే పదే పంపింది. 1983 నవంబరు 28న బయలుదేరిన కొలంబియా అంతరిక్ష నౌకలో ఓవెన్ గారియట్ అనే వ్యోమగామి చేతిలో పట్టేంత రేడియోను వెంట తీసుకొని వెళ్ళాడు. నౌక కిటికీకి ఆంటెనా అమర్చి, భూమిపై ఉన్న హామ్‌లతో మాట్లాడాడు. అంతరిక్షం నుంచి హామ్ రేడియోలో మాట్లాడిన మొదటి మనిషి అతడే.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మనుషులు నివాసం ప్రారంభించిన కొద్ది వారాలకే బడిపిల్లల వంతు వచ్చింది. 2000 డిసెంబరు 21న షికాగో నగరం దగ్గరి లూథర్ బర్బాంక్ పాఠశాల విద్యార్థులు కేంద్రం నాయకుడు విలియం షెపర్డ్‌తో మాట్లాడారు. ఆ తరువాత అటువంటి సంభాషణలు వెయ్యి దాటాయి. వ్యోమగాములు తమ పని వేళల నడుమ ఇందుకు సమయం కేటాయిస్తారు. భూమిపై హామ్‌లు ఏ ప్రతిఫలం లేకుండా సాధనాలు సమకూర్చి నడిపిస్తారు.

సంభాషణకు దొరికే సమయం సుమారు పది నిమిషాలు. ఇది ఎవరో పెట్టిన గడువు కాదు. భూమి గుండ్రంగా ఉండడం, కేంద్రం వేగంగా కదలడం దీనికి కారణాలు. రెండు మీటర్ల తరంగదైర్ఘ్యం గల ఈ తరంగాలు దాదాపు తిన్నగా ప్రయాణిస్తాయి. భూమి వంపును చుట్టి రావు. కేంద్రం దిగంతానికి పైన ఉన్నంతసేపే అవి అందుతాయి. దిగంతం దగ్గర కనిపించేటప్పుడు కేంద్రం దాదాపు 2,300 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒక దిగంతంలో ఉదయించి, ఆకాశాన్ని దాటి, రెండవ దిగంతంలో అస్తమించడానికి ఎంత ఎక్కువ చూసినా పది నిమిషాలు పడుతుంది. ఒక పక్కగా పోతే ఆ కాలం ఇంకా తగ్గుతుంది. హొగేనక్కల్ లోయ అడుగున నిలబడినవారికి రెండు వైపులా బండలు అడ్డు. వారికి ఆకాశం ఇరుకు, సమయం మరీ తక్కువ. గట్టు ఎక్కి, నాలుగు దిక్కులూ తెరిపిగా కనిపించే చోట ఆంటెనా నిలిపినవారికి పది నిమిషాలూ దక్కుతాయి.

ఆంటెనా నిలిపితే సరిపోదు. పొద్దుతిరుగుడు పువ్వు సూర్యుని వైపు తిరిగినట్లు అది కేంద్రం వైపు తిరుగుతూ ఉండాలి. కేంద్రం ఏ నిమిషంలో ఏ దిక్కున, ఎంత ఎత్తులో ఉంటుందో ముందుగానే లెక్క కట్టవచ్చు. ఆ లెక్క ప్రకారం మోటార్లు ఆంటెనాను తిప్పుతాయి. మరొక చిక్కు ఉంది. హారను మోగిస్తూ వచ్చే బస్సు దగ్గరకు వచ్చేటప్పుడు హారను హెచ్చుస్థాయిలోనూ, దాటిపోయాక తగ్గుస్థాయిలోనూ వినిపిస్తుంది. దీనిని డాప్లర్ ఫలితం అంటారు. కేంద్రం నుంచి మాట సాధారణంగా 145.800 మెగాహెర్ట్జుల పౌనఃపున్యంపై వస్తుంది. కేంద్రం దగ్గరవుతున్నప్పుడు అది మూడు కిలోహెర్ట్జులకు పైగా పెరిగినట్లు, దూరమవుతున్నప్పుడు అంతే తగ్గినట్లు గ్రాహకానికి తోస్తుంది. హామ్ దానికి తగినట్లు మీటను సవరిస్తూ ఉంటాడు.

తమ ఊళ్ళో ఇన్ని సాధనాలు లేని బడులకు కూడా దారి ఉంది. ప్రపంచంలో మరెక్కడో ఉన్న హామ్ కేంద్రం వ్యోమగామితో రేడియో సంబంధం పెట్టుకొంటుంది. అక్కడి నుంచి బడి వరకు మాటను టెలిఫోను తీగలు చేరవేస్తాయి. ఆ విధంగా కేంద్రం తమ ఆకాశంలో లేని వేళలో కూడా పిల్లలు మాట్లాడగలుగుతారు.

మన దేశపు హామ్‌లకు ఉపగ్రహాలు కొత్త కావు. 2005 మే 5న ఆంధ్రప్రదేశ్ తీరంలోని శ్రీహరికోట నుంచి ఎగిరిన రాకెట్టు కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అనే 42.5 కిలోల చిన్న ఉపగ్రహాన్ని కక్ష్యలో ఉంచింది. ఒక చోట నుంచి వచ్చిన హామ్‌ల మాటను అందుకొని మరొక చోటికి పంపడం దాని పని. అందులోని రెండు పరికరాలలో ఒకటి మన దేశంలో, రెండవది నెదర్లాండ్స్‌కు చెందిన ఒక విద్యార్థి చేతిలో తయారయ్యాయి. అది 2014 జులై వరకు పనిచేసింది.

2025 జూన్ 25న వాయుసేన అధికారి శుభాంశు శుక్లా అమెరికా నుంచి బయలుదేరి, మరునాడు అంతరిక్ష కేంద్రానికి చేరుకున్నాడు. 1984లో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో వెళ్ళిన తరువాత భూకక్ష్యలోకి వెళ్ళిన రెండవ భారత పౌరుడు అతడే. అంతర్జాతీయ కేంద్రంలో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు కూడా అతడే. జులై 4న బెంగుళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంలో చేరిన విద్యార్థులతో అతడు హామ్ రేడియోలో మాట్లాడాడు. జులై 8న మేఘాలయలోని షిల్లాంగ్ దగ్గర ఉన్న ఈశాన్య అంతరిక్ష అనువర్తన కేంద్రం నుంచి ఆ ప్రాంతపు విద్యార్థులు అతనితో మాట్లాడారు. జులై 15న అతడు భూమికి తిరిగి వచ్చాడు. బెంగుళూరు హోసూరుకు దాదాపు నలభై కిలోమీటర్లు. ఒకప్పుడు పత్రికలలో దూరదేశపు వింతగా చదివిన విషయం ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల పిల్లల పొరుగుకు వచ్చింది.

అటువంటి రోజు కోసం బడి ఎలా సిద్ధపడాలి? పది నిమిషాలంటే 600 సెకన్లు. పన్నెండుమంది అడగదలచుకుంటే ఒక్కొక్కరికి 50 సెకన్లు. ప్రశ్నకు పది సెకన్లు పోతే జవాబుకు నలభై మిగులుతాయి. ఈ రేడియోలో టెలిఫోనులో వలె ఇద్దరూ ఒకేసారి మాట్లాడడానికి వీలు లేదు. మైకు మీట నొక్కినవారు మాట్లాడతారు, వదిలినవారు వింటారు. తన మాట ముగిసిందని తెలపడానికి ప్రతివారూ చివర ‘ఓవర్’ అనాలి. ఆ మాట మరచిపోతే అవతలివారు ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఆ నిశ్శబ్దంలో కేంద్రం వందలాది కిలోమీటర్లు దాటిపోవచ్చు. తొందరపడి మధ్యలో మాట్లాడినా రెండు మాటలూ చెడతాయి. అందువల్ల పిల్లలు వరుసలో నిలబడి, గడియారం ముందు పెట్టుకొని, ముందునుంచే సాధన చేస్తారు. మైకు దగ్గర లైసెన్సు గల హామ్ ఉండి సంభాషణను నడిపిస్తాడు.

సాధనకంటె ముందు ప్రశ్న పుట్టాలి. “అక్కడ ఎలా ఉంది?” అని అడిగితే వ్యోమగామి “బాగుంది” అనవచ్చు. విలువైన కాలం పోతుంది, తెలిసింది లేదు. పుస్తకంలో సులభంగా దొరికే సంగతి అడగడం కూడా అంతే. అడిగేవాడు తాను చూసిన దానినుంచి మొదలుపెట్టాలి. హొగేనక్కల్ పిల్లవాడికి నీరు ఎప్పుడూ కిందికే దూకుతుందని తెలుసు. “మా ఊళ్ళో నీరు బండమీదినుంచి కిందికి దూకుతుంది. మీ దగ్గర గ్లాసు వంచితే నీరు ఎటు పోతుంది?” అని అతడు అడగవచ్చు. ఈ ప్రశ్నకు పది సెకన్లు చాలు. అంతరిక్ష కేంద్రంలో ‘కింద’ అన్న దిక్కు లేదు. నీరు గ్లాసును వదిలి కారదు. పాత్రను అంటిపెట్టుకొంటుంది, లేదా గుండ్రని ముద్దగా గాలిలో తేలుతుంది. అందుకే వ్యోమగాములు మూసిన సంచిలోని నీటిని గొట్టంతో పీల్చి తాగుతారు. నదిని రోజూ చూసే పిల్లవాడు అడిగిన ప్రశ్న భూమ్యాకర్షణ గురించిన పాఠమంతా బయటికి తెస్తుంది.

ఏ భాషలో అడగాలన్నది మరొక సంగతి. ఈ సంభాషణలు ఎక్కువగా ఇంగ్లీషులో జరుగుతాయి. ఆ భాషలోనే జరగాలన్న నియమం మాత్రం లేదు. ఇటలీ వ్యోమగాములు ఇటలీ పిల్లలతో ఇటాలియను భాషలో మాట్లాడారు. రష్యా వ్యోమగాములు రష్యా పిల్లలతో రష్యను భాషలో మాట్లాడారు. వినేవారికీ అడిగేవారికీ తెలిసిన భాష ఏదైనా రేడియో తరంగం దానిని మోస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఏటి అవతలి గట్టున కన్నడం వినే పిల్లలు ఒక మాటను మూడు విధాల చెప్పడం చిన్నప్పటినుంచే నేర్చుకొంటారు. ఎదుటివారికి ఏ మాట అర్థమవుతుందో ఆలోచించి మాట్లాడడం వారికి అలవాటు. రేడియో ముందు కావలసింది కూడా అదే. ముందు తన భాషలో ప్రశ్నను తేటగా అనుకున్నవాడు తరువాత దానిని ఏ భాషలోకైనా మార్చుకోగలడు. అనుకోవడంలోనే తడబడితే ఏ భాషా ఆదుకోదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్ని 2030 ప్రాంతంలో విరమింపజేయాలని నిర్ణయించారు. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రాన్ని నెలకొల్పాలన్నది భారతదేశపు లక్ష్యం. నేడు ఉన్నత పాఠశాలలో చదివే పిల్లలు అప్పటికి పెద్దవారవుతారు. వారిలో ఒకరు భూమిపై ఆంటెనా తిప్పే హామ్ కావచ్చు. ఒకరు ఆ కేంద్రంలోనే ఉండి జవాబు చెప్పేవారు కావచ్చు. ఆకాశంలో ఉన్నవారూ నేలమీద ఉన్నవారూ తెలుగు తెలిసినవారే అయిన రోజున, తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులోనే జవాబు వస్తుంది. దానికి కావలసిన సాధన మాత్రం నేటి తరగతి గదిలోనే మొదలు కావాలి: చక్కగా వినడం, సూటిగా అడగడం, ఎదుటివారికి మాట వదలడం.

అభ్యాసం

I. అర్థాలు
వ్యోమగామి = అంతరిక్షంలో ప్రయాణించే వ్యక్తి
ఔత్సాహిక = ఆసక్తి కొద్దీ చేసే
పౌనఃపున్యం = ఒక సెకనులో కలిగే కంపనాల సంఖ్య
దిగంతం = భూమి, ఆకాశం కలిసినట్లు కనిపించే చోటు
ప్రసారిణి = రేడియో తరంగాలను పంపే పరికరం
గ్రాహకం = రేడియో తరంగాలను అందుకొనే పరికరం
తేటగా = స్పష్టంగా

II. ఒక్క వాక్యంలో జవాబు రాయండి.
1. హొగేనక్కల్ అన్న పేరుకు అర్థం ఏమిటి?
2. అంతరిక్షం నుంచి హామ్ రేడియోలో మాట్లాడిన మొదటి వ్యక్తి ఎవరు?
3. హామ్‌శాట్ ఎప్పుడు, ఎక్కడి నుంచి ప్రయోగింపబడింది?
4. సంభాషణలో ‘ఓవర్’ అన్న మాట ఎందుకు వాడతారు?

III. ఐదారు వాక్యాలలో జవాబు రాయండి.
1. వ్యోమగాములతో సంభాషణ పది నిమిషాలకు మించకపోవడానికి కారణాలు ఏమిటి?
2. 2004 డిసెంబరులో అండమాన్ దీవులలో హామ్‌లు చేసిన సేవను వివరించండి.
3. మంచి ప్రశ్నకు ఉండవలసిన లక్షణాలు ఏవి? పాఠంలోని ఉదాహరణతో తెలపండి.

IV. భాషాంశాలు
1. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
   పేరైంది, ఎక్కడున్నా, ఇల్లొకటి
2. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాయండి.
   పది నిమిషాలు, నీటి తుంపర, నాలుగు దిక్కులు

V. చేసి చూడండి
వ్యోమగామిని అడగదలచిన ఒక ప్రశ్నను మీ ఊళ్ళో మీరు చూసిన దానితో ముడిపెట్టి తెలుగులో రాయండి. గడియారం చూస్తూ పైకి చదవండి. పది సెకన్లు దాటితే, అర్థం చెడకుండా మాటలు తగ్గించండి. తరగతిలో ఒకరు విద్యార్థిగా, మరొకరు వ్యోమగామిగా నిలిచి, ‘ఓవర్’ అన్న మాట వాడుతూ సంభాషణ జరపండి.